డెబ్బై నాలుగో నంబరు

జూట్ మిల్లు లాకౌటు ఎత్తేసిన నెల
నాన్నకొచ్చిన బకాయిల్లోంచి
అమ్మకి తెలీకుండా కొన్న పెట్టె ఇది.
అరవై ఒక్క మెట్లు.
పైనుంచి రెండో నల్లమెట్టు అప్పటికే మూగది.
అమ్మినవాడు చెప్పలేదు, నేను అడగలేదు,
ఇద్దరం తొందరలో ఉన్నాం.

మొదటి బ్యాండు పేరు ఉల్కాపాతం.
నలుగురం, మూడు నల్ల చొక్కాలు.
విజయనగరం కోట వెనక మెకానిక్ షెడ్డులో ప్రాక్టీసు.
రాత్రి పది కొట్టగానే ఎదురింటి అరుగు మీంచి
ఒక ముసలావిడ చెప్పు విసిరేది.
టైమింగులో మా డ్రమ్మరు కన్నా నయం.
జనమంతా గిటారు శశాంకునే చూసేవారు.
నేను వాడి కింద పరుపులా పరుచుకునేవాణ్ణి.
కీబోర్డు ఆగిపోతే గానీ
అంతసేపూ ఉందని ఎవరికీ తెలీదు.
ఏడు ప్రోగ్రాములు. ఎనిమిదోది ఒప్పుకున్నాక
శశాంకు బ్యాంకు పరీక్ష పాసయ్యాడు.

తర్వాత శ్రీకాకుళం, భుజంగరావు ఆర్కెస్ట్రా.
"ఈ పెట్టెలో ఫ్లూటు పలుకుతాదేటి?"
డెబ్బై నాలుగు నొక్కి వినిపించాను.
మర్నాడు వేన్‌లో ఒక సీటు ఖాళీగా ఉంటే
నా పెట్టె అందులో పెట్టమన్నారు.
టెక్కలి దాటాక ఎవరో నిద్రమత్తులో అన్నారు,
అది సింహాద్రప్పడి సీటని.
ఆ రాత్రి కాశీబుగ్గలో తెల్లారేదాకా వాయించాను.
ఎవరూ ఏమీ తేడా చెప్పలేదు.
అదే నాకు నచ్చలేదు.

బొబ్బిలిలో ఫ్యూజన్ కుర్రాళ్లు పిలిచారు.
నలభై ఒకటి నొక్కాను.
వయొలిన్ కామేశం గారు నా భుజం మీద చెయ్యేసి
"తీగ తెగదు, కమాను అరగదు, హాయి నాయనా"
అని మెట్లు దిగిపోయారు.
పార్వతీపురం బ్యాండుమేళానికి డెబ్బై రెండు, క్లారినెట్టు.
చీపురుపల్లిలో పది నెలలు, రాజాంలో రెండేళ్లు,
సాలూరులో ఒక్క రాత్రి.
సాలూరు సంగతి చెప్పను.
ఎక్కడ చేరినా జీతం పెరిగింది,
ఎక్కడ చేరినా ఒకరు దిగారు.

మొన్న మాఘంలో రణస్థలం దగ్గర పెళ్లికి
పొట్టి జుట్టు కుర్రాడొకడు పెన్‌డ్రైవ్‌తో వచ్చాడు.
ఓనరు నేల చూపులు చూస్తూ
"ఏటనుకోకు" అన్నాడు.
అనుకోవడానికేముంది?
కిటికీ పక్క సీటు తీసుకో తమ్ముడూ,
ఘాట్ రోడ్డులో వాంతులు రావు, అన్నాను.

సింహాద్రప్పడు ఎక్కడున్నాడో కనుక్కోవడానికి
పదకొండు రోజులు పట్టింది.
నాగావళి వంతెన దిగువన చిన్న కొట్టు,
గ్యాస్ పొయ్యిలు, కుక్కర్లు బాగుచేస్తాడు.
"విజిలు సరిగ్గా పలకనివన్నీ నాకాడికే తెస్తారు"
అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.
ఎవర్నో చెప్పాను.
తల ఊపి, స్క్రూడ్రైవరు తీసి, పెట్టెని బోర్లా తిప్పాడు.
పచ్చ పలక, రబ్బరు పొక్కులు, ఎండిపోయిన బొద్దింక.
చాలాసేపు వెతికాడు.
"ఇందులో నానెక్కడున్నాన్రా?"

పెన్సిలు ములుకుతో ఒక పొక్కు కింద నల్లగా రుద్ది
మళ్లీ బిగించాడు.
పైనుంచి రెండో నల్లమెట్టు.
నొక్కాను. పలికింది.
ఇన్నేళ్లూ ఆ స్వరం పక్కనుంచి తప్పుకుపోయే పాట
నా వేళ్లకి అలవాటు.
ఎటెళ్లాలో తెలీక అక్కడే నిలబడ్డాయి,
డెబ్బై నాలుగో నంబరులో,
సన్నగా, తెగకుండా, నిమిషం, నిమిషంన్నర.

సింహాద్రప్పడు చెవి ఒగ్గి విన్నాడు.
అతని ఛాతీ పైకి లేచి అలాగే ఉండిపోయింది.
"బాగానే ఉంది గానీ
ఊపిరెక్కడ తీసుకుంటాదిది?"

వేలెత్తాను.